రోజుకు పదహారు గంటలు చదవకండి

బౌద్ధనగర్‌లో రూం తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేవి తలకిందుల సలహాల్లాగే ఉంటాయి. మీ కోచింగ్ సార్లు ఒప్పుకోరు, ఊళ్లో నాన్న అసలే ఒప్పుకోరు. అయినా చెప్తాను.

ముందు గోడకు అంటించిన ఆ టైంటేబుల్ చింపేయండి. తెల్లవారుజామున నాలుగింటి నుంచి రాత్రి పదకొండు దాకా గళ్లు గీసిన కాగితం ఎవరినీ చదివించదు. ఒక్క గడి తప్పితే చాలు, రోజంతా పోయిందనిపిస్తుంది. ఇక సోమవారం నుంచి చూద్దాంలే అనుకుంటారు. దాని బదులు, నిన్న రానిది ఇవాళ ఒక్కటి వస్తే చాలనుకోండి. గోదావరి ఉపనదులే తీసుకోండి. నిన్న పుస్తకం చూడకుండా పటం గీస్తే ప్రాణహిత కుడిగట్టున పడింది. ఇవాళ మంజీర కుడివైపు నుంచి వచ్చి కందకుర్తి దగ్గర, ప్రాణహిత ఎడమవైపు నుంచి వచ్చి కాళేశ్వరం దగ్గర సరిగ్గా కలిశాయి. ఇంద్రావతి ఇంకా కుదరలేదు. కుదరకపోనీ, అది రేపటి పని. పటం మూలన తేదీ వేసి, పుస్తకం మూసి, మెస్‌కు వెళ్లి వేడివేడిగా తినండి.

తప్పుగా గీసిన పటాన్ని మాత్రం పారేయకండి, ఫెయిర్ చేయకండి. మోడల్ పేపర్లలో మార్కులు వారాల తరబడి కదలవు. అప్పుడు మనసు కుంగకుండా ఆపేది నిన్నటి తప్పూ ఇవాళ్టి ఒప్పూ పక్కపక్కన కనిపించే ఆ కాగితాలే.

మంచి రూం, మంచి టేబుల్ దొరికేదాకా ఆగొద్దు. మీరు ఫొటోలు దిగే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఉస్మానియా తరగతులు మాత్రం 1919లోనే గన్‌ఫౌండ్రీ దగ్గర తాత్కాలిక భవనాల్లో మొదలయ్యాయి. అంతకంటే ముందు, 1917లో, అనువాద విభాగం పని మొదలుపెట్టింది. పై చదువులు ఉర్దూలో చెప్పాలంటే సరిపడా పుస్తకాలు లేవు, శాస్త్రాలకు కావలసిన మాటలు లేవు. పండితులు కూర్చుని ఒక్కో మాటా తేల్చుకుంటూ పుస్తకాలు తయారుచేశారు. ఆ రాతి కమానుల కంటే నాకు ఆ ఓపికే గొప్పగా తోస్తుంది.

పరీక్ష తేదీని బట్టి మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. 2022 అక్టోబర్‌లో రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. మూడోసారి 2024 జూన్‌లో రాయాల్సి వచ్చింది. అందులో అభ్యర్థుల తప్పేమీ లేదు, వాళ్ల బాధను చిన్నది చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఫలితం ఒక్కటే లెక్క అనుకుంటే అన్ని నెలల చదువూ సున్నా కింద రాసుకోవాలి. అది అన్యాయం. రోజుకో జవాబు రాసిన చేతికి రాయడం అలవాటైంది, ఏ రద్దూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

రాత్రి అమ్మ ఫోన్ చేసి ఎందాకా వచ్చిందని అడిగితే, నోటిఫికేషన్ ఇంకా పడలేదమ్మా అనకండి. ఇవాళ గ్రామసభ గురించి చదివానని చెప్పండి. మన ఊళ్లో పెడుతున్నారా, నువ్వు వెళ్తున్నావా అని అడగండి. ఆమె చెప్పింది కూడా ఆ రోజు కాగితం మీద రాసుకోండి.