వెలుతురు పిలిచెను: సటీకము, సతాత్పర్యము

మూలం: “వెలుతురు పిలిచింది. వెళ్లాను. మిగిలిందంతా తనే చేసుకుంది. (శ్రీకాకుళం, కృష్ణ ఒడ్డు, తెల్లవారుజాము.)”

అవతారిక. ఇది శాసనం కాదు, సీసపద్యం కాదు. సరదాకి ఫొటోలు తీసే ఒకానొక పెద్దమనిషి తన ఫొటో కింద రాసుకున్న మూడు వాక్యాలు. ఫొటోలో మంచు, నది, ఒక పడవ, పడవలో వల విసురుతున్న మనిషి నల్లటి ఆకారం ఉన్నాయి. ఇలాంటి మూలాలు దిగువ కృష్ణలో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా విస్తారంగా పుడుతుంటాయి. కర్త ఒక్కడు కాడు, ఒక సంప్రదాయం. అందుచేత పేరు అనవసరం. ఊరి సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఈ శ్రీకాకుళం ఉత్తరాన ఉన్న జిల్లా కేంద్రం కాదు. ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు.

టీక రాసేవాళ్లకు మల్లినాథసూరి ఒక కట్టుబాటు పెట్టి పోయాడు: మూలంలో లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు. ఈ వ్యాఖ్యాత మొదటి సగాన్ని శిరసావహిస్తాడు. రెండో సగం విషయంలో మాట ఇవ్వలేడు.

ప్రతిపదార్థం. వెలుతురు, స్పష్టం. పిలిచింది, ఇది తర్వాత. వెళ్లాను: ఇక్కడ మూలకర్త చాలా పదాలు లోపింపజేశాడు కనుక అధ్యాహారం చేసుకోవాలి. విజయవాడలో మూడున్నరకు అలారం పెట్టుకుని, ముగ్గురు మిత్రులతో ఒకే కారులో, పామర్రులో టీ తాగి, కూచిపూడి మీదుగా, దారి పొడుగునా ఫుల్ ఫ్రేము గొప్పదా క్రాప్ సెన్సరు చాలా అని వాదించుకుంటూ, వెళ్లాను అని అన్వయం. వెలుతురు ఒక్కణ్ణే పిలిస్తే మిగిలిన ముగ్గురూ ఎందుకొచ్చారన్న శంకకు మూలంలో సమాధానం లేదు.

ఇక ప్రయోజన విచారం. ఏ పనికైనా ప్రయోజనం చెప్పనిదే మందబుద్ధి కూడా దిగడని పూర్వులు అన్నారు. కావ్యం దేనికి అన్న ప్రశ్నకు పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆరు ప్రయోజనాలు లెక్కపెట్టాడు. ఫొటో దేనికి అన్న ప్రశ్నకూ ఆ ఆరే సరిపోతాయా అన్నది చూడాలి.

ఒకటి, యశస్సు. కాళిదాసుకు వచ్చినట్టు అని ఆయన ఉదాహరణ. మనవాళ్లకు కీర్తి ఇంగ్లీషు అక్షరాల రూపంలో వస్తుంది. 1950లో పుట్టిన ఎఫ్‌ఐఏపీ అనే అంతర్జాతీయ సమాఖ్య, సెలూన్లనే ఫొటో పోటీ ప్రదర్శనల్లో ఎన్ని ఫొటోలు ఒప్పుకున్నారో లెక్కచూసి ఏఎఫ్‌ఐఏపీ, ఈఎఫ్‌ఐఏపీ అని బిరుదులిస్తుంది. మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ 1953 నుంచి ఉంది. అల్లసాని పెద్దనకు ఆంధ్రకవితా పితామహుడని ఒక్క బిరుదు ఉంటే ఐదు వందల ఏళ్లు నిలిచింది. ఇప్పుడు కొందరికి పేరు కంటే తోకే పొడుగు.

రెండు, అర్థం. ధావకుడికి శ్రీహర్షుడి వల్ల దక్కినట్టు అన్నాడు మమ్మటుడు. ఇక్కడ ఏరు ఎదురు పారుతుంది. లెన్సుకీ, స్టాండుకీ, సెలూన్ ప్రవేశ రుసుముకీ ధనం కర్త దగ్గరనుంచే బయల్దేరి సింహభాగం టోక్యో చేరుతుంది.

మూడు, లోకవ్యవహారం తెలియడం. దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. భట్టిప్రోలు దిబ్బ ఇటుకల్ని రోడ్లకీ కాలువ పనులకీ తవ్వుకుపోయిన కాలంలో, అలెగ్జాండర్ రీ అనే అధికారి భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను కొలిచి, పటాలు వేయించి 1894లో పుస్తకం అచ్చువేశాడు. మిగిలింది మిగిలినట్టు పటంలోకి ఎక్కించాలన్నది ఆయన ప్రయోజనం. ఆయన ఎక్కడా దిబ్బ తనను పిలిచిందని రాసుకోలేదు.

నాలుగు, అశుభం తొలగడం. మయూరుడు సూర్యుణ్ణి నూరు శ్లోకాలతో స్తుతించి కుష్టు పోగొట్టుకున్నాడని ఐతిహ్యం. మంగినపూడి బీచిలో ఏ ఆదివారమైనా పొద్దు పొడవకముందే చూడండి. మూడుకాళ్ల స్టాండ్లు బారులు తీర్చి, సూర్యుడి వైపు తిరిగి, కదలకుండా, మాట్లాడకుండా నిలబడ్డ మయూరులు కనిపిస్తారు. ఏం పోవాలని ఈ ఉపాసన అని అడిగితే ‘స్ట్రెస్’ అంటారు. సోమవారానికి మళ్లీ వస్తుందట. మయూరుడిది ఒక్కసారే పోయింది.

ఐదు, అప్పటికప్పుడు కలిగే ఆనందం. అగ్ఫా క్లిక్-3 డబ్బా కెమెరాలో రీలుకు పన్నెండు ఫొటోలు వచ్చేవి. తర్వాతి రీళ్లలో ముప్పై ఆరు. రీలు అయిపోయాక బందరు స్టూడియోలో ఇచ్చి, కడిగి వచ్చేదాకా ఆనందం వాయిదాలో ఉండేది. ఇప్పుడు సెకనుకు పది తీసే కెమెరా మామూలు. మీట మీద నిమిషం వేలు ఆనిస్తే ఆరు వందలు. తీసినవాడు వెంటనే తల వంచి వెనకాల తెర చూసుకుంటాడు. ఈ లోగా ఎదుట జరిగేది జరిగిపోతుంది. సాగర సంగమం సినిమాలో కమల్‌హాసన్ భంగిమల్లో సరైనది ఒక్కటీ పట్టుకోలేకపోయిన బుడతడు గుర్తున్నాడు కదా. వాడికి చిన్నతనం అనే కారణముంది.

ఆరు, కాంతాసమ్మితమైన ఉపదేశం. లెన్సు బిల్లు చూశాక ఇంట్లో జరిగేది. శాస్త్రసమ్మతం, విస్తరించనక్కర్లేదు.

ఇక్కడ పూర్వపక్షం. పరాసు దేశపు పియరీ బూర్దియూ 1965లో ఫొటోగ్రఫీ మీద అచ్చేసిన గ్రంథంలో, మనుషులు ఫొటోలెందుకు తీస్తారని చెప్పుకునే కారణాలను ఐదుగా విడదీశాడు: కాలాన్ని ఆపుకోవడం, తోటివారితో పంచుకోవడం, తనను తాను చూపుకోవడం, నలుగురిలో గొప్ప, కాలక్షేపం. విడదీసి ఊరుకోలేదు, అవి చాలవన్నాడు. పిల్లలున్న ఇళ్లలో కెమెరా ఎక్కువ కనిపించడం చూపించి, ఫొటో అనేది ముందు ఇంటి శుభకార్యాలకు చెందిన పనే అని వాదించాడు. బారసాల, పెళ్లి, షష్టిపూర్తి అని మనం అనువదించుకోవచ్చు. ఆయన లెక్కలో ఎక్కడా వెలుతురు ఎవరినీ పిలవలేదు. సిద్ధాంతి దీన్ని కాదనడు. షికాగోలో పిల్లల ఆయాగా బతికిన వివియన్ మేయర్ లక్షకు పైగా నెగటివ్‌లు పోగేసి, చాలావాటిని కడిగించకుండానే 2009లో కన్నుమూసింది. ఎందుకు తీసిందో చెప్పనూ లేదు. చెప్పకపోవడం ఒక మర్యాద.

ఇప్పుడు ‘పిలిచింది’ దగ్గరికి రావాలి. ఈ ఊళ్లో పిలుపు అనే మాట ఊరికే వాడటానికి వీల్లేదు. ఎందుకంటే శ్రీకాకుళంలో నిజంగా ఒకాయనకు పిలుపు వచ్చింది. పదహారో శతాబ్దపు రెండో దశకంలో కళింగం మీదికి దండెత్తి వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో ఆగి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించాడు. ఆముక్తమాల్యద పీఠికలో ఈ సంగతి రాయలే చెప్పుకున్నాడు. ఆ గ్రంథానికి వేదం వేంకటరాయశాస్త్రి పెట్టిన వ్యాఖ్య తిరగేసినవాడికి ఫొటో కింది మూడు వాక్యాల్లో తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

దేవుడు ఊరికే ‘రా’ అనలేదు. మదాలస చరిత్ర, సత్యావధూ ప్రీణనం, రసమంజరి అంటూ రాయలు అంతకుముందు సంస్కృతంలో రాసినవి వరసపెట్టి చెప్పి, అన్నీ తెలిసే వచ్చానని రుజువు చూపించాడు. తరవాత తెలుగులో రాయమన్నాడు. తెలుగే ఎందుకో కారణాలు చెప్పాడు. ఏం రాయాలో చెప్పాడు: గోదాదేవితో తన పెళ్లి. ఎవరికి అంకితమివ్వాలో కూడా చెప్పాడు: తిరుపతి వేంకటేశ్వరుడికి. భాష, వస్తువు, అంకితం అన్నీ తేల్చి చెప్పిన ఈ పిలుపు ఇప్పటి లెక్కన పెళ్లి ఆల్బం ఆర్డరు. రాయలు పొద్దున లేచి ఆ కలను కొలువులో పెద్దలకు చెప్పుకున్నాడు, కూర్చుని ఆరు ఆశ్వాసాలు రాశాడు, చెప్పినవాడికి చెప్పినట్టు ఒప్పజెప్పాడు. మిగిలిందంతా దేవుడే చేసుకున్నాడని ఆయన అనలేదు.

ఆ ఆరు ఆశ్వాసాల్లో ఏముంది? వ్యాఖ్యాత ఇక్కడ కాస్త ఆగుతాడు, పాఠకుడు క్షమించాలి. విల్లిపుత్తూరు వర్ణనలో, తెల్లవారుజామున, వరిపొలాల కాలువల్లో బాతులు రెక్కల్లో తలలు దూర్చి ముడుచుకుని నిద్రపోతున్నాయి. ఊరి తలారులు వాటిని చూశారు. పొద్దున్నే స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మలు పిండి పెట్టి మరిచిపోయిన బట్టలనుకున్నారు. తీసి వాళ్ల ఇళ్లకు చేరుద్దామని రేవులోకి దిగారు. బాతులు లేచి పరుగో పరుగు. వరిచేలు కాసే ఆడపిల్లలు చూసి నవ్వారు. వెలుతురు చాలని వేళ, మసక దృశ్యం, ముందు ముడుచుకున్న తెలుపు, వెనక నవ్వే ముఖాలు: ఇవాళ్టి ఏ ఫొటో పోటీకైనా న్యాయనిర్ణేతలు ముందుకొచ్చి బహుమతి ఇస్తారు. దండయాత్రల రాజు, ఏనుగుల మధ్య తిరిగే మనిషి, కాలువలో బాతులు ఎలా పడుకుంటాయో చూసి పెట్టుకున్నాడు. అలా పడుకున్న బాతు తడిపిండిన పంచెలా ఉంటుందని చెప్పడానికి కెమెరా అక్కర్లేదు, దగ్గరగా నిలబడి ఉండాలి. ఈ పద్యం మీద ఎంతమంది ఎంత రాసినా తలారుల అమాయకత్వం దగ్గరే నవ్వి ఊరుకుంటారు. ఆ తలారులు నీళ్లలోకి ఎందుకు దిగారో కూడా చూడాలి. తమది కానిది, ఎవరిదో అక్కడ ఉండిపోయింది కాబట్టి, అది వాళ్లకి చేర్చాలి కాబట్టి.

ఇక టీకలోకి.

ఈ ఊళ్లో నిందకు కూడా సంప్రదాయం ఉంది. గుడి పాడుపడి ఉన్న రోజుల్లో కాసుల పురుషోత్తమ కవి దేవుణ్ణే నిందాస్తుతితో ఉతికి ఆంధ్రనాయక శతకం రాశాడు. దేవుడు పడ్డాడు కనుక ఫొటోగ్రాఫరూ పడవచ్చు.

నాగాయలంక వైపు, హంసలదీవి వైపు, పులిగడ్డ దగ్గర, ఎక్కడైనా ఉదయం ఏడింటికి వినపడే మాటలివి:

“బాబాయ్, ఇంకోసారి వలెయ్యి బాబాయ్. ఇటు చూడకు.”

“ఇక్కడ చేపల్లేవండీ.”

“చేపలతో పనేముంది బాబాయ్, వల గుండ్రంగా విచ్చుకోవాలి.”

అతను వేస్తాడు. మొదటిసారి మొహమాటానికి, రెండోసారి వినోదానికి, అయిదోసారి భుజం నొప్పితో. తడిసిన వల బరువు మూలకర్తకు తెలియదు. నవ్వితే నవ్వొద్దంటారు, ఎందుకంటే నవ్వుతున్న జాలరికి సెలూన్లలో మార్కులు రావు. చొక్కా వేసుకుంటే విప్పమంటారు. కుప్పనూర్పిడికి కోత మిషన్ వచ్చిన చేలో ఎడ్లు లేవా అని అడిగినవాళ్లున్నారు. ఆ తరవాత ఆ ఫొటో విజయవాడలో పెద్ద ఫ్రేములో గోడకెక్కుతుంది, కింద ‘జీవన పోరాటం’ అని రాసి ఉంటుంది. పోరాడినవాడికి ఒక ప్రింటు రాదు.

ఇది ఎక్కడో ఇంకోచోట అయితే చిన్న విషయం. ఈ ఊళ్లున్న దివిసీమలో కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయిన చోటు ఇది. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే పోయినప్పుడు గోడ మీది పటాలు ఉంటాయా? పోయిన అమ్మ ముఖం ఎలా ఉండేదో చూపించడానికి కాగితం ముక్క లేని ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. అలాంటి నేల మీద, ఒక మనిషి ముఖాన్ని ఆరు వందలసార్లు తీసుకుని, వెళ్లొస్తాం బాబాయ్ అని కారెక్కడానికి ఏ శాస్త్రంలో ప్రయోజనం చెప్పారో వ్యాఖ్యాతకు దొరకలేదు. వెలుతురు పిలిచిందనడంలో సుళువు ఇక్కడే ఉంది. పిలిచింది వెలుతురైతే బాకీ వెలుతురుకే. వల విసిరినవాడికి ఏమీ ఇవ్వక్కర్లేదు.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో మూలం ఇలా ఉంది: “కొత్త లెన్సొచ్చింది. ఆదివారం. ఇంట్లో ఉంటే పని చెబుతారని వెళ్లాం. పూరీలు బాగున్నాయి.” వ్యాఖ్యాతకు ఈ పాఠమే సమ్మతం. ఇందులో నలుగురు మిత్రులకీ అన్వయం కుదురుతుంది, అధ్యాహారం అక్కర్లేదు, మమ్మటుడి ఐదో ప్రయోజనం సాక్షాత్తుగా ఉంది. పిల్లాడు పెద్దవాడైపోతున్నాడని, నాన్న నడక తగ్గిందని, పక్క సీటు గుమాస్తా కొన్నాడని, రిటైరయ్యాక పొద్దు పోవడం లేదని మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఇవన్నీ మంచి కారణాలే. వీటిలో దేన్నీ ఫొటో కింద రాసుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

తాత్పర్యం. కావలసినన్ని తీసుకోండి. నాలుగు బై ఆరు ప్రింటుకు పూరీల ప్లేటంత కాదు. బాబాయి జేబులోనూ ఫోనుంది, అడిగితే నంబరు చెబుతాడు.

ఇక రెండో మూలం, టీక తర్వాతి సంచికలో. పెడనలో కలంకారీ బల్ల దగ్గర అచ్చు అద్దుతున్న ఒకావిడ దగ్గరి ఫొటో, నలుపు తెలుపుల్లో, ముడతలు బాగా కనపడేలా. కింద: “ఆ కళ్లలో శతాబ్దాలు.” ఆవిడకి నిండా యాభై లేవు.