రీల్ కుందేలుకు మూడే కాళ్లు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించినవాడు పాతకాలపు మొండివాడు. పాపం, కాళ్ల దగ్గరే ఆగిపోయాడు. ఈ కాలపు మొండివాడు కుందేలును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఫోన్ తీసి, దాని మనసులో ఏముందో కూడా చెప్పేస్తాడు. ‘మా బన్నీ ఎంత రిలాక్స్ అవుతోందో చూడండి’ అని కింద ఒక రాత, వెనక వీణ సంగీతం, చుట్టూ ఎగిరే గుండె బొమ్మలు. బన్నీ మాత్రం కదలదు, మెదలదు. అది కదలకపోవడమే ఆనందానికి రుజువని చూసినవాళ్లంతా లైకు కొట్టి ధ్రువీకరిస్తారు.

ఆ స్థితికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టానిక్ ఇమ్మొబిలిటీ. కోళ్లలోనూ సొరచేపల్లోనూ ఇది కనిపిస్తుంది. వేటజంతువు నోట చిక్కి, పారిపోయే దారులన్నీ మూసుకుపోయాక, చచ్చినట్టు పడి ఉంటే పట్టు కాస్త సడలుతుందేమోనన్న ఆఖరి ప్రయత్నం అది. కుందేళ్లు పెంచేవాళ్లు దీనికి ‘ట్రాన్సింగ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. గోళ్లు కత్తిరించడానికి భలే సులువని సలహాలు కూడా ఇచ్చుకున్నారు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ మెక్‌బ్రైడ్, ఆమె సహచరులు 2006లో ఈ మాయనిద్ర సంగతేమిటో పరిశీలించారు. కుందేలు శరీరంలో వచ్చే మార్పులనూ, లేచాక అది ప్రవర్తించే తీరునూ చూసి, ఇది విశ్రాంతి కాదు, భయమేనని తేల్చారు. అయినా రీల్ పెట్టేవారికి పరిశోధనతో పనేముంది? బన్నీ గింజుకోవడం లేదు కదా!

గింజుకుంటే మాత్రం వింటారా? నక్క నోటికో డేగ గోళ్లకో చిక్కినప్పుడు తప్ప కుందేలు కాళ్లు నేల వదిలి పైకి లేచే సందర్భం దాని పూర్వీకుల జీవితంలో లేదు. అందుకే ఎత్తుకోగానే వెనక్కాళ్లతో తన్నుతుంది. దాని ఎముకల బరువు ఒంటి బరువులో 8 శాతం లోపే. పిల్లికైతే 12 శాతం దాకా ఉంటుంది. అంత తేలికైన ఎముకలున్న జీవి గట్టిగా తన్నుకుంటే దాని వెన్నుపూసే విరగవచ్చు. ఇంట్లో పిల్లలు మాత్రం ‘హగ్ ఇస్తుంటే సిగ్గుపడుతోంది’ అంటారు, పెద్దలు మురిసిపోతారు.

తర్వాతి అంకం జలకాలాట. సింకులో గోరువెచ్చని నీళ్లు, బేబీ షాంపూ, నురగలో తేలుతున్న రెండు చెవులు. కుందేలు తన ఒళ్లు తానే నాక్కుని శుభ్రం చేసుకునే జంతువని, దాని దట్టమైన బొచ్చు ఒక పట్టాన ఆరదని, తడిసి చలికి వణికితే ప్రాణం మీదికి రావచ్చని ఎవరైనా చెప్పబోతే, ‘మాది చాలా కోఆపరేటివ్ అండీ’ అనే సమాధానం సిద్ధం. భయంతో కొయ్యబారిన ప్రాణికి కోఆపరేటివ్ అని బిరుదు ఇవ్వడం మన సమాజానికి కొత్తేమీ కాదు లెండి.

కదిలితే ఒకలా, కదలకపోతే మరోలా భాష్యం చెప్పే ఈ పండితులు అసలైన సంకేతాల దగ్గరికొచ్చేసరికి ఇంకా రెచ్చిపోతారు. మగకుందేలు చిన్నగా గురగురమంటూ కాళ్ల చుట్టూ తిరిగితే ‘అమ్మకు ప్రదక్షిణలు చేస్తోంది’ అని రాస్తారు. ఆపరేషన్ చేయించని మగకుందేలు విషయంలో అది సాధారణంగా భక్తి కాదు, పెళ్లిచూపులు. గడ్డాన్ని సోఫాకో యజమాని చెప్పుకో రుద్దితే ‘ముద్దు పెడుతోంది’ అంటారు. గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. పెళ్లికి వచ్చిన స్టీలు గిన్నెల మీద ఇంటిపేరు చెక్కించుకున్నట్టు, అది ఇంట్లోని వస్తువులన్నిటి మీదా తన పేరు వేసుకుంటోంది. యజమాని కూడా ఆ వస్తువుల్లో ఒకడు. వెనక్కాలితో నేలను ధనాధన్ మోదితే దానికి మాస్ బీట్ తగిలించి డాన్స్ అంటారు. అది ప్రమాద ఘంటిక. వంటింట్లో మిక్సీ మోతకో, వీధిలో టపాసుకో ‘జాగ్రత్త, శత్రువు వచ్చాడు’ అని తోటి కుందేళ్లకు చెబుతోంది. విచారమేమిటంటే, చాలా ఇళ్లలో వినడానికి తోటి కుందేలే ఉండదు. గుంపుగా బతికే జంతువును ఒంటరిగా పంజరంలో పెట్టి, ‘దానికి మేమే లోకం’ అని చెప్పుకోవడం మరో రీల్.

క్యారెట్ సంగతి చెప్పనక్కర్లేదు. కుందేలు ఆహారశాస్త్రాన్ని ప్రపంచానికి బోధించిన ఆచార్యుడు బగ్స్ బన్నీ. 1940లో తెరకెక్కిన ఈ కార్టూన్ కుందేలు క్యారెట్ నమిలే తీరుకు స్ఫూర్తి కూడా మరో కుందేలు కాదు, 1934 నాటి ఒక సినిమాలో క్యారెట్ కొరుకుతూ మాట్లాడిన క్లార్క్ గేబుల్ అంటారు. అసలు కుందేలు తిండిలో అధికభాగం ఎండుగడ్డి ఉండాలి. జీవితాంతం పెరిగే పళ్లు అరగాలన్నా, పేగులు ఆగకుండా కదలాలన్నా అదే దిక్కు. క్యారెట్ దానికి మిఠాయి. ‘ఇష్టంగా తింటోంది కాబట్టి ఆరోగ్యంగా ఉంది’ అనే వాదనే నిజమైతే, ఊళ్లోని స్వీటు షాపులన్నీ ఆసుపత్రులే.

ఇక ఈ పండితుల దగ్గరున్న అసలు ప్రతిభ ఏమిటంటే, భయాన్ని చూసి మురిసిపోయేవాళ్లే ఆనందాన్ని చూస్తే హడలిపోతారు. కుందేలు ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, తలను ఒకవైపు, నడుమును మరోవైపు మెలితిప్పి దిగుతుంది. పెంపకందారులు బింకీ అనే ఈ గంతు సంతోషానికి పట్టలేని రూపం. కొత్త యజమాని దాన్ని ఫిట్స్ అనుకుని డాక్టరుకు ఫోన్ చేస్తాడు. హాయిగా ఉన్న కుందేలు నిలబడ్డ చోటే ధబీమని పక్కకు ఒరిగి, కాళ్లు చాపేస్తుంది. చచ్చిపోయిందని ఇల్లంతా గగ్గోలు. తల నిమురుతుంటే పళ్లను మెల్లగా, వినీ వినబడనట్టు కదిలిస్తుంది. అది తృప్తి. పళ్లు గట్టిగా కరకరలాడిస్తే మాత్రం నొప్పి. ఈ తేడా పట్టుకోవాలంటే ఫోన్ కింద పెట్టి, చెవి దగ్గర పెట్టాలి. రీలులో అది వినపడదు కాబట్టి లెక్కలోకి రాదు.

వేసవిలో ఈ పాండిత్యం మరీ ప్రమాదం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, రేకుల షెడ్డు కింద పంజరంలో కుందేలు ఒళ్లంతా నేలకు ఆనించి పడుకుంటే, ‘ఎంత సుఖంగా సేదతీరుతోందో’ అని ఫొటో తీస్తారు. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లోని వేడిని చాలావరకు చెవుల గుండానే వదలాలి. సుమారు 30 డిగ్రీలు దాటితేనే దానికి గండం. విజయవాడలోనూ రామగుండంలోనూ 40 దాటడం ఏటా మామూలే. ఊపిరి వేగంగా ఆడుతూ, చెవులు కాలిపోతూ, నోరు తెరిచి పడుకున్న కుందేలు సుఖపడటం లేదు, వడదెబ్బకు లొంగిపోతోంది.

‘నోరులేని జీవి, దాని బాధ ఎలా తెలుస్తుంది?’ అనేది అందరూ వేసే ఆఖరి పాచిక. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో కుందేలు ముఖాన్నే చదివి, నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. కళ్లు చికిలించడం, బుగ్గలు అణగడం, ముక్కుపుటాల ఆకారం, మీసాల తీరు, చెవుల తీరు - ఈ ఐదు చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. చెవికి పచ్చబొట్టు పొడుస్తుండగా తీసిన ముఖాలనూ, మామూలుగా ఉన్నప్పటి ముఖాలనూ పక్కపక్కన పెట్టి చూసి నేర్చుకున్న విద్య అది. నోరు లేకపోయినా మొహం ఉందని దీని సారాంశం. ఆ మొహం మీద ఫిల్టరు వేసి పిల్లిమీసాలు అతికించేవారికి ఇది పనికిరాదు.

పోనీ, ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఒక తేలిక మార్గం ఉంది. కుందేలు దాదాపు 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే ఆలస్యం చేయకూడదని, పేగులు నిలిచిపోయి ప్రాణం పోవచ్చని పశువైద్యులు చెబుతారు. అందుకే వాళ్లు బన్నీ ఎన్ని ముద్దులు పెట్టిందో అడగరు, ట్రేలో ఉండలు ఎన్ని పడ్డాయో అడుగుతారు. గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో, రోజుకు వందల సంఖ్యలో పడాలి. కుందేలు క్షేమానికి ఇంతకంటే నమ్మకమైన ప్రకటన మరొకటి లేదు. ఆ ట్రేను ఫొటో తీసి స్టేటస్ పెట్టగల కుందేలు ప్రేమికులు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి. ఫాలోవర్లు సగం మంది పోతారు, డాక్టరు ఫీజు కూడా మిగులుతుంది.