ఆ ఫైల్లో పాఠం ఎక్కడుంది?

ఫ్యాకల్టీ ఎవాల్యుయేషన్ వస్తోందంటే చాలు, ఇప్పటి కాలేజీల్లో పాఠాలు పక్కకు పోతాయి. గెస్ట్ లెక్చర్ పెడితే జియోట్యాగ్ ఫోటో కావాలి, వర్క్‌షాప్‌కి వెళ్తే సర్టిఫికెట్ కావాలి. అన్నీ ఒక ఫైల్‌గా కుట్టి, స్పైరల్ బైండింగ్ చేయించి టేబుల్ మీద పెడతారు. క్లాసులో ఏం జరిగిందో మాత్రం అందులో వెతికినా దొరకదు.

మా రోజుల్లో మా దగ్గర ఉండేవి టీచింగ్ డైరీ, సొంత నోట్సు. ఏ పీరియడ్‌లో ఏం చెప్పామో డైరీలో రాసి ప్రిన్సిపాల్ గారి సంతకానికి పంపేవాళ్ళం. అసలు సంగతంతా నోట్సు మార్జిన్లలో ఉండేది. మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఒకాయన న్యూటన్ మూడో నియమం పేజీ పక్కన ఇలా రాసుకున్నారు: ‘గుర్రం బండిని ఎంత లాగితే బండీ గుర్రాన్ని అంతే లాగుతుంది కదా, మరి బండెలా కదులుతుందని అడిగారు. రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తాయనుకుంటున్నారు. రేపు గుర్రానికి ఒక బొమ్మ, బండికి ఒక బొమ్మ విడిగా వెయ్యాలి.’ ఆ మార్జిన్ చదివే నేను పాఠం చెప్పడం నేర్చుకున్నాను.

2010లో యూజీసీ అధ్యాపకుల పనిని కొలవడానికి ఏపీఐ స్కోర్లు తెచ్చింది. సెమినార్‌కి ఇన్ని పాయింట్లు, పేపర్‌కి ఇన్ని అని లెక్క మొదలైంది. 2018లో నిబంధనలు మార్చారు గానీ లెక్కల అలవాటు పోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే నా శిష్యురాలు ఈమధ్య తన కోర్స్ ఫైల్ చూపించింది. కోర్సు ఫలితాలకీ ప్రోగ్రామ్ ఫలితాలకీ ఎంత సంబంధముందో చూపే సీఓ-పీఓ మ్యాపింగ్ పట్టికలో గడిగడికీ 3, 2, 1 అంకెలు. “ఇక్కడ 3 ఎందుకు వేశావమ్మా?” అంటే, “పోయినేడాది ఫైల్లో అలాగే ఉంది సార్” అంది. ఆ అమ్మాయిని ఏమనగలం? వారానికి అన్ని క్లాసులు, పైన అడ్మిషన్ల డ్యూటీ. ఆలోచించే తీరిక ఎవరిచ్చారు?

ఇలాంటి ఫైళ్ళకు మూలమైన టీచింగ్ పోర్ట్‌ఫోలియో పుట్టింది ఇందుకు కాదు. కెనడా అధ్యాపకులు టీచింగ్ డోసియర్ పేరుతో మొదలుపెట్టారు. అమెరికాలో పీటర్ సెల్డిన్ 1991లో దానిమీద పుస్తకమే రాశాడు. నేను ఏం చెప్పాను, ఎందుకలా చెప్పాను, పిల్లలకు ఏం వంటబట్టింది అని అధ్యాపకుడు తన మాటల్లో కొన్ని పేజీలు రాయాలి. ఆధారాలు వెనక జతచెయ్యాలి. మనవాళ్ళు ఆధారాలు ఉంచుకుని ఆ మాటలు వదిలేశారు.

అయినా మదింపే వద్దని నేననను. మా కాలంలో కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఏం రాశారో మాకు తెలిసేది కాదు. ప్రాణం పెట్టి చెప్పినవాడికీ, పాత నోట్సు చదివి వెళ్ళిపోయినవాడికీ ఒకటే ఇంక్రిమెంట్. అడగాల్సిందే. అడిగేది పాఠం గురించి అడగాలి.

కుర్ర లెక్చరర్లకు నేను చెప్పేదొక్కటే. సెమిస్టర్‌కి ఒక పాఠం తీసుకోండి. పిల్లలు ఎక్కడ తడబడ్డారో, మీరు ఏం మార్చారో రెండు పేజీలు రాయండి. మార్చకముందు, మార్చాక వాళ్ళు రాసిన జవాబులు పేర్లు తీసేసి జతచెయ్యండి. కమిటీ అడిగినా, అడగకపోయినా రాయండి. వచ్చే ఏడాది ఆ బెంచీల్లో కూర్చునే పిల్లలకు అక్కరకొచ్చే కాగితాలు ఆ ఫైల్లో అవే.