గుర్రాలు పెరిగాయి, కళ్లెం పాతదే

మా బాల్కొండలో కారు ఇంజను దించడానికి గ్యారేజీతో పనిలేదు. వాకిట్లో ముదురు యాపచెట్టు, దాని కొమ్మకు చైన్ పుల్లీ, చుట్టూ పదిమంది ఉంటే చాలు. స్పానరు పట్టేది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది సలహాదారులు. వాళ్లకు పొద్దుగూకే దాకా చాయ్ అందుతుండాలి, లేకపోతే సలహాల నాణ్యత తగ్గుతుంది.

దుబాయిలో ఏళ్ల తరబడి షేకు లాండ్‌క్రూజర్ తోలి వచ్చిన అన్నకు వాకిట్లో నాయిన అంబాసిడర్ కనబడగానే రెండు ప్రేమలు పుట్టుకొస్తాయి. ఒకటి నాయిన మీద, రెండోది పికప్ మీద. మొదటి ప్రేమతో బండికి పూలదండ వేస్తాడు. రెండో ప్రేమతో దాని గుండె పీకేస్తాడు.

ఆ గుండె చేసిన నేరమేమిటంటే నెమ్మదితనం. 1489 సీసీ, బ్రిటన్ బీఎంసీ వాళ్ల డిజైను. ఒళ్లేమో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పాడాలో 2014 దాకా అదే ఒంటితో బండ్లు తయారయ్యాయి. నాయిన బండి పసుపు సంచులు, పెండ్లి బారాత్‌లు, అన్ని పార్టీల జెండాలు మోసింది, ఏ పార్టీనీ తొందరపెట్టలేదు. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎవడో పిల్లగాడు చిన్న కారులో హారన్ కొట్టి దాటిపోయాడట. అన్న పరువు పోయింది. దాన్ని తిరిగి తేవడానికి ఇసుజు ఇంజను కావాలి.

ఇసుజు ఇంజను అంబాసిడర్‌కు పరాయిదేం కాదు. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే ఇదే ఒంట్లో 1.8 లీటర్ల పెట్రోలు ఇసుజు పెట్టి, అయిదు గేర్లిచ్చి అమ్మారు. తర్వాత 1995 సీసీ డీజిలు కూడా వచ్చింది. కంపెనీ మారిస్తే కొత్త మోడలు, మనం మారిస్తే నేరం. ఈ ఒక్క విషయంలో అన్న ఆవేశం న్యాయమైనదే.

ఇక సలహాదారులు. ఇంజను మార్చుడు ఒక్క పూట పని అన్నవాడు, పాత మౌంటింగులు కొత్త ఇంజనుకు కుదరవని చెప్పలేదు. గేర్‌బాక్సు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిపోదని చెప్పలేదు. స్టీరింగు గేరు తీసి కింది గేరు పెట్టాలంటే ఫ్లోరు కోయాల్సి రావచ్చని, రేడియేటరు చాలదని, డీజిల్ బరువుకు ముందరి టార్షన్ బార్లు కుంగుతాయని ఒక్కరూ అనలేదు. చివరికి ట్రాక్టర్లకు కేజ్‌వీల్స్ చేసే వెల్డింగ్ పిలగాడు వచ్చి, ఇనుప పట్టీ కోసి, రెండు బొక్కలు కొట్టి, మెరుపులు మెరిపించి అతికించాడు. “ఏం గాదన్నా, నడుస్తది” అన్నాడు. మా జిల్లా ఇంజనీరింగ్ అంతా ఆ మాట మీదనే నడుస్తది.

నడవడం సరే, ఆగడం మాటేమిటి? పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అరవైలో పోయే బండి తొంభైలో పోతే వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకులు మింగాల్సిన శక్తి మాత్రం రెండుంబావు రెట్లయింది. హార్స్ పవర్ పేరుతో గుర్రాలను కొన్నవాడు కళ్లేల దుకాణం వైపు తొంగి కూడా చూడలేదు. ఎందుకంటే బ్రేకుల గురించి పాన్ డబ్బా దగ్గర గొప్పలు చెప్పుకోవడం కుదరదు. ఇక కోతలైనంక మా రోడ్లు చూడండి: సగం రోడ్డు మీద మక్కలు, వాటి మీద పట్టా, పట్టా లేవకుండా అంచు వెంట తలకాయంత బండరాళ్లు, పక్కనే బర్రె.

చట్టం సంగతికొస్తే అది ఇంకో వేడుక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల లక్షణాలు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సైలెన్సర్ కోసి ఊరంతా నిద్రలేపే బుల్లెట్లు రోజూ ఠాణా ముందునుంచే పోతుంటాయనుకోండి, అది వేరే కథ. అన్న బండికి మాత్రం ఆర్‌సీలో ఒక ఇంజను నంబరు, బానెట్ కింద ఇంకోటి. యాక్సిడెంట్ అయిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ తేడానే.

అసలు దెబ్బ ఇంకోటుంది. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా ఉండాలన్నది షరతు. నాయిన 1975లో కొన్న బండి ఇప్పుడు ఆ గౌరవానికి వయసొచ్చింది. సరిగ్గా ఇప్పుడే అన్న దాని ఇంజను పీకి తుక్కోడికి తూకానికిచ్చాడు. లక్షలు పోసి, వింటేజ్ బండిని ఉత్త పాత బండిగా మార్చుకున్నాడు.

ఇంజను మారిస్తే అన్నీ బతుకుతాయన్న నమ్మకం మా జిల్లాకు కొత్తేం కాదు. 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి 2002లో 51 శాతం ప్రైవేటు ఇంజను బిగించారు. 2015 డిసెంబరులో అది ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ ఒక మెకానిక్ వస్తాడు, బానెట్ ఎత్తుతాడు, ఫొటో దిగుతాడు.

పాత ఇంజను ఇంకా దించని అన్నా, దాన్నే రీబోరు చేయించు. పిస్టన్లు, రింగులు మార్పించు, రేడియేటరు కడిగించు, కార్బొరేటరు సరిచేయించు. వీటికి ఏ ఆఫీసు మెట్లూ ఎక్కే పనిలేదు. మిగిలిన పైసలతో బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించు. ఇసుజు ఎక్కించక తప్పదంటే, పెర్కిట్ దాకా ట్రయల్ వేసే పూట ముందే డప్పు చాటించు, మక్కలు ఆరబోసినోళ్లు బర్రెలను తోలుకుని ఇండ్లకు పోతారు.