చతికిలబడిన చక్కెర: టీకా తాత్పర్యం

ఆ.వె.
వేడి నీట వేయ వేగమే కరగును
చల్లనైన నీట చతికిలబడు
కలిపి కలిపి చేయి కందినా కదలదు
చక్కెరగుణ మిదియె చతుర వినవె

అవతారిక: తిరునిన్రవూరులో కత్తిరి ఎండలనాడు, తిరుత్తణి నుండి లోకల్ రైలులో దిగిన చుట్టములకు కోడలు ఫ్రిజ్ నీళ్లతో నిమ్మరసము కలుపుచుండెను. ఎంతకును ఆగని చెంచా చప్పుడు విని అత్తగారు గడపలో నిలిచి సెలవిచ్చిన పద్యమిది.

ప్రతిపదార్థం: చతుర = ఓ నేర్పరీ (ఎత్తిపొడుపు); వినవె = చెంచా ఆపి వినుము; చక్కెరగుణము = చక్కెర స్వభావము; ఇదియె = ఇట్టిదే; వేడి నీట వేయ = కాగిన నీళ్లలో వేసినచో; వేగమే కరగును = చూచుచుండగానే మాయమగును; చల్లనైన నీట = ఫ్రిజ్ నీళ్లలో; చతికిలబడు = పండుగకు వచ్చిన అల్లునివలె అడుగున తిష్ఠవేయును; కలిపి కలిపి = ఎంత తిప్పినను; చేయి కందినా కదలదు = అరచేయి ఎఱ్ఱబడినను లేవదు.

టీక: ఇచట పూర్వపక్షి, "చల్లనీరు ఇంత చక్కెరను పట్టజాలదు, కావుననే మిగిలినది" అనును. అది పొసగదు. 20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీరు సుమారు 200 గ్రాముల చక్కెరను కరిగించుకొనును. 100 డిగ్రీల వద్ద సుమారు 487 గ్రాములు. గ్లాసులో పడినవో, రెండు చెంచాలు! కొఱత చోటుకు గాదు, చురుకుకే. వేడినీటి అణువులు వడిగా తాకి పలుకునుండి చక్కెరను ఊడదీసి దూరము చేర్చును. చల్లనీటికి ఆ వడి లేదు. పలుకు చుట్టు చేరిన తీపినీరు అచటనే నిలిచిపోవును. చెంచా దానిని చెదరగొట్టి కొత్తనీటిని తెచ్చును. కావున మూడవ పాదము అత్తగారి అతిశయోక్తి. ఓపికతో కలిపిన కరగును.

విశేషం: ఉప్పు పరిమితి ఇట్లు పెరుగదు, నీరు మరిగినను 36 గ్రాములు 39 అగునంతే. చక్కెర గుణమును తిరగవేసి బ్రతుకువారును కలరు. తిరువాలంగాడులోని తిరుత్తణి సహకార చక్కెర మిల్లువంటి చోట్ల చెరకురసమును చిక్కబఱచి చల్లార్చగా, ఇముడని చక్కెర గింజకట్టును.

తాత్పర్యం: ఓ కోడలా! ముందు కొద్దిపాటి వేడినీళ్లలో చక్కెర కరిగించి, పిమ్మట చల్లనీళ్లు, నిమ్మరసము చేర్చుము. తీపి చాలలేదని మరి రెండు చెంచాలు మాత్రము వేయకుము. అదంతయు చుట్టము చివరి గుక్కలోనికే వచ్చును.