గొడుగు షోరూం

2024లో ప్రపంచంలోకెల్లా అద్దె ఎక్కువున్న షాపింగ్ వీధిగా మిలాన్‌లోని వియా మాంటెనపోలియోనె న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూని దాటేసింది. లగ్జరీ బ్రాండ్లకి అక్కడ జానెడు జాగా దొరకడం లేదట, పాపం!

మా నిమ్మాడ రండి బాబూ. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన గొడుగు పాతితే షోరూమే. అద్దె ఎండకి కట్టాలి, అంతే.

లగ్జరీ సరుకంటారా? పలాస జీడిపప్పుంది. ఉద్దానం రైతు 80 కిలోల పిక్కల బస్తా దింపి ధర అడిగితే వ్యాపారి ఆకాశంకేసి చూస్తాడు. అదే పప్పు హైదరాబాద్ మాల్‌లో బంగారు రంగు డబ్బాలోకెక్కాక, ధర చదివి రైతు ఆకాశంకేసి చూస్తాడు. చూడనివ్వండి, ఏసీ ఫ్రీయే కదా!