ఏం వాసనొచ్చింది మామా?

అసలు ఆ వాసన నాకెందుకు రావాలి? రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కునే వేళకు సరిగ్గా ఫోన్ మోగుతుంది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో కొలువు చేస్తున్న మా మేనల్లుడు. అత్త బాగుందా, మోకాళ్ల నొప్పి తగ్గిందా అన్న మర్యాదలన్నీ ఈ మధ్య మానేశాడు. ఎత్తుకోవడమే "ఏం వాసనొచ్చింది మామా?" అని.

సెలవులకు వచ్చినప్పుడు వాడిచ్చిపోయిన ఎర్ర వైన్ సీసా గురించి. బోర్డో సరుకట. "గ్లాసు గుండ్రంగ తిప్పి వాసన చూడు మామా. బ్లాక్‌కరెంట్ రావాలె. ఎనకనుంచి సీడార్ కట్టె, తోలు, పొగాకు..." స్పీకర్‌లో ఇదంతా విన్న పక్కింటి మోటారు మెకానిక్ "కరెంట్ వాసనంటే వైండింగ్ కాలినప్పుడొచ్చేదేనా సార్?" అని అడిగాడు. కాదు, అదో పండు. చలిదేశాల్లో కాస్తుంది. మా ఊరు గార్లలో దాన్ని చూసినవాడు లేడు. ఇక తోలు, పొగాకు అంటారా, చెప్పులు కుట్టేచోటా చుట్ట కాల్చేవాడి పక్కనా ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని నడిచిన వాసనలే. వాటిని యూరోలిచ్చి కొనుక్కుని, గ్లాసులో ముక్కు పెట్టి మరీ వెతుక్కోవాలట.

వాసన దాకా పోవాలంటే ముందు సీసా తెరవాలి కదా. అది మూత తిప్పితే వచ్చేది కాదు, మెడలో దిగ్గొట్టిన బెండు బిరడా. స్టేషన్ రోడ్డు వైన్స్‌కు వెళ్లి ఓపెనర్ అడిగితే పిల్లగాడు బీరు మూత తీసేది చేతిలో పెట్టాడు. వైన్స్ అని అంత పెద్ద బోర్డు పెట్టుకున్నాక వైన్ బిరడా తీసేది ఉండొద్దా అని నిలదీశాను. "అసలు వైనే లేదు సార్" అన్నాడు. మెడికల్ షాపు ఆయన సిరంజితో గాలి ఎక్కిస్తే బిరడా అదే ఎగిరొస్తుందన్నాడు. ఎగిరి ఎవరి కంట్లో పడుతుందో మాత్రం చెప్పలేదు.

ఫ్రెంచివాళ్లు మనకేమన్నా కొత్తా? నిజాం కొలువులో సేనాని రేమాండ్ 1798లో పోయేదాకా హైదరాబాద్‌లో చక్రం తిప్పాడు. ఆయన పేరే జనం నోట్లో నలిగి మూసారాంబాగ్ అయిందంటారు. ఫిరంగులు పోతపోసిన గన్‌ఫౌండ్రీ పేరు ఇప్పటికీ సిటీ బస్సుల్లో వినిపిస్తూనే ఉంది. యానాం సంగతి సరేసరి, 1954 దాకా వాళ్ల చేతికిందే. అన్నేండ్లుండి, ఫిరంగులు పోసి, పన్నులు గుంజి, పోతూ పోతూ తెలుగు నేల మీద ఒక్క బిరడా తీసే మరచుట్టన్నా పారేసి పోలేదు! చరిత్రకారులు ఈ విషయం ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

చివరికి వడ్రంగి వచ్చాడు. సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని బిరడాను గోటితో గీకి "ఇదేం కట్టె సార్?" అన్నాడు. కట్టె కాదు బెరడు, పోర్చుగల్లో ఎక్కువ, తొమ్మిదేండ్లకోసారి ఒలుస్తారు, చెట్టు మళ్లీ బెరడు కట్టుకుంటుంది అని మేనల్లుడి పాఠం అప్పజెప్పాను. "బెరడు ఒలిస్తే బతికే చెట్టు ఏడుంటది సార్" అని నన్ను జాలిగా చూసి బరమా దించాడు. సగం బిరడా బయటికి, సగం పొట్టై లోపలికి. ఫ్రాన్స్ దేశపు ద్రాక్షరసాన్ని చాయ్ జాలీలో వడగట్టి స్టీలు చెంబులో పోశాం. మొదటి గ్లాసు వడ్రంగికే. ఒక్క గుక్క మింగి, కూలి డబ్బులే ఇప్పించమన్నాడు.

తాగడానికీ రూలుంది. 16 నుంచి 18 డిగ్రీలుండాలట. దాన్నే గది ఉష్ణోగ్రత అంటారట. ఎవరి గది? మే నెలలో మా గదిలో బిందెలో నీళ్లే కాగుతాయి. అందుకని మిగిలిన దాన్ని మళ్లీ సీసాలో పోసి ఫ్రిజ్‌లో దోశ పిండికీ పెరుగు గిన్నెకూ మధ్య పెట్టాను. మా ఆవిడ రోజూ దాన్ని ఇంకో మూలకు జరుపుతుంది.

రుచి చెప్పనా? వగరు. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ టానిన్ దిగుతుంది, నాలుకను పట్టేసేది అదే. మాంసంతో తింటే మెత్తబడుతుందన్నాడు మేనల్లుడు. ఆదివారం మటన్ వండించాను. మెత్తబడలేదు సరికదా, నోరంతా మంట. "కారం ఎక్కువైతే వైన్ ఇంకా గరుకుగైతది మామా, తగ్గించాలె." ఖమ్మం మిర్చి మార్కెట్ పక్క జిల్లాలో పెట్టుకుని, మటన్‌లో కారం తగ్గించాలా? వైన్ కోసం కూర మార్చుకోమనే దేశాన్ని ఏమనాలి!

అయినా నేర్చుకున్నాను, మొండితనం. సీసా మీద తోట పేరుంటుంది, ఊరి పేరుంటుంది, ద్రాక్ష పేరు మాత్రం వెతికినా దొరకదు. అది మనమే తెలుసుకోవాలి. బోర్డోలో ఏటికి ఎడమ గట్టున కాబెర్నే సావిన్యాన్ జోరు, కుడి గట్టున మెర్లో. బర్గండీ అయితే పీనో న్వార్. 1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు వరుస కట్టమంటే, అక్కడి దళారులు ఏది ఎంత ధర పలుకుతుందో చూసి ఐదు తరగతులు కట్టేశారు. మా గార్ల 2016లో ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు రాత్రికి రాత్రే మారింది. ఆ జాబితాలో మాత్రం పై మెట్టు ఎక్కడానికి మూటన్ రోత్‌షిల్డ్ అనే తోటకు 1973 దాకా పట్టింది.

ఇదంతా కంఠతా వచ్చేసింది. మా చెరువు కట్ట మీది తాళ్లలో ఏది పోతుతాడో, ఏది పరుపుతాడో, పండుతాడు ఎప్పుడు పారుతుందో అడిగితే మాత్రం తడుముకుంటాను. మా చిన్నప్పుడు కల్లు పోసే గౌడ తాత లొట్టి ముఖం చూసే చెప్పేవాడు, ఇది కట్ట కిందిది, ఇది చెల్కలది, నిన్న ఈ చెట్టుకు ఎండ ఎక్కువ తగిలింది, పొద్దటిది మీరు తాగండి, మాపటిది ముసలోళ్లకు ఉంచండి అని. ఆయన దగ్గరా ఒక వరుస ఉండేది, ఐదు తరగతులు కాదు, చెట్టుకొకటి. ఏటేటా మారేది కూడా. అది ఎవరూ రాసుకోలేదు. కొడుకులిద్దరూ ఉప్పల్లో ఆటోలు నడుపుతున్నారు. మోకు ఎట్లా కట్టాలో వాళ్లకూ రాదు. ఆ తాత వాసన చూస్తుంటే ఏం వాసనొచ్చిందని అడిగిన మేనల్లుడు ఆయనకు లేడు.

సీసాలో ఇంకా సగముంది. తెరిచిన వైన్ నాలుగు రోజులకు మించి ఆగదట, పులిసి పాడైపోతుందట. ఈసారి బర్గండీ పంపిస్తానంటున్నాడు వాడు. ఈ కబురు మా ఆవిడ చెవిన వేస్తే, తలెత్తకుండానే అంది: "పులిస్తే పారబొయ్యకుండ్రి. రాగి బిందెలు తోముకుంట."